లేత్‌కి సొంతంగా కట్టిన డీసీ స్పీడ్ కంట్రోలర్: 180 వోల్టుల మోటరు మీద పూర్తి కేస్ స్టడీ

మిషన్ చిన్న బెంచ్ లేత్. దానికి మొదట ఉన్నది 1440 ఆర్‌పీఎం సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటరు, స్పీడ్ మార్చడానికి స్టెప్ పుల్లీలు. బెల్ట్ మార్చాలంటే గార్డు తీయాలి, మోటరు ప్లేటు సడలించాలి, మళ్ళీ బిగించాలి. అందుకని ఏ జాబ్ వచ్చినా ఒకే మెట్టు మీద లాగించేయడం అలవాటైపోతుంది. పెద్ద డయా జాబ్‌ని ఫేసింగ్ చేసేటప్పుడు (కొస ముఖాన్ని చదును చేసేటప్పుడు) దాని ఫలితం కళ్ళకు కనిపిస్తుంది. బయటి అంచు దగ్గర టూల్ మొన మాడుతుంది. మధ్యకి వచ్చేసరికి కటింగ్ స్పీడ్ దాదాపు సున్నాకి పడి ఫినిష్ గరుకుగా వస్తుంది. చక్ తిరుగుతుండగానే స్పీడ్ మార్చగలిగితే ఈ రెండు బాధలూ పోతాయి.

కొత్తగా పెట్టింది పాత ట్రెడ్‌మిల్‌లోంచి తీసిన పర్మనెంట్ మాగ్నెట్ డీసీ మోటరు. నేమ్‌ప్లేట్ మీద 180 వోల్టులు, 5 ఆంపియర్లు, 4000 ఆర్‌పీఎం అని ఉంది. ట్రెడ్‌మిల్ బోర్డునే వాడొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ బోర్డు తన కన్సోల్ నుంచి పల్సులు వస్తేనే లేస్తుంది. పైగా మనిషి నడకకి తగ్గట్టు నిదానంగా స్పందించేలా చేసింది. లేత్‌లో టూల్ జాబ్‌లోకి దిగిన క్షణంలోనే మోటరు అందుకోవాలి. కాబట్టి కంట్రోలర్ విడిగా కట్టాను.

డీసీ మోటరు గురించి ముందు తెలియాల్సింది ఒక్కటే: వోల్టేజ్ స్పీడ్‌ని నిర్ణయిస్తుంది, కరెంట్ టార్క్‌ని నిర్ణయిస్తుంది. సొంతంగా కట్టిన కంట్రోలర్లలో చాలావరకు వోల్టేజ్‌ని మార్చి ఊరుకుంటాయి. ఉత్తి చక్ తిప్పినప్పుడు అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కట్ తీసుకోగానే మోటరు మొరాయిస్తుంది, లేదంటే ట్రాన్సిస్టర్ పేలుతుంది. ఈ కంట్రోలర్‌లో శ్రమంతా కరెంట్ వైపే పెట్టాను. స్పీడ్ నాబ్ చివర్లో వచ్చింది.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇది 230 వోల్టుల మెయిన్స్ నుంచి నేరుగా రెక్టిఫై చేసిన సర్క్యూట్. లోపల 325 వోల్టుల డీసీ ఉంటుంది, అది మెయిన్స్ నుంచి వేరుపడి ఉండదు. ఆసిలోస్కోప్ ఎర్త్ క్లిప్‌ని ఈ సర్క్యూట్ నెగటివ్‌కి తగిలిస్తే రెక్టిఫైయర్ ద్వారా ఫేజ్ ఎర్త్‌కి షార్ట్ అవుతుంది. డిఫరెన్షియల్ ప్రోబ్ గానీ, బోర్డుకి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ లేకుండా ఇందులో స్కోప్ పెట్టకూడదు. మెయిన్స్ మీద చెయ్యి తిరగనివాళ్ళకి ఇది మొదటి ప్రాజెక్టు కాదు.

ముందు మోటరుని కొలవడం

నేమ్‌ప్లేట్ చెప్పేది సగమే. కంట్రోలర్ డిజైన్‌కి కావాల్సినవి మూడు: ఆర్మేచర్ (మోటరులో తిరిగే చుట్ల భాగం) రెసిస్టెన్స్, వెయ్యి ఆర్‌పీఎంకి మోటరు పుట్టించే వోల్టేజ్, ఇండక్టెన్స్.

రెసిస్టెన్స్‌ని మల్టీమీటర్ ఓమ్స్ రేంజిలో చూస్తే అంకె నిలవదు. కార్బన్ బ్రష్‌లకీ, అవి రాసుకునే షాఫ్ట్ మీది రాగి రింగు కమ్యుటేటర్‌కీ మధ్య స్పర్శ అంత తక్కువ కరెంట్‌లో నమ్మదగినది కాదు. షాఫ్ట్ తిరగకుండా పట్టి, బెంచ్ సప్లై నుంచి 3 ఆంపియర్లు పంపి, టెర్మినల్స్ మీద వోల్టేజ్ చూసి భాగించాలి. షాఫ్ట్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీస్తే ఈ మోటరుకి 2.4 ఓమ్స్ వచ్చింది.

రెండోది తేలిక. మోటరు షాఫ్ట్‌ని డ్రిల్ మిషన్‌తో తిప్పి, టాకోమీటర్‌తో ఆర్‌పీఎం చూస్తూ, తెరిచి ఉన్న టెర్మినల్స్ మీద వోల్టేజ్ చదవడమే. 1000 ఆర్‌పీఎంకి 42 వోల్టులు. నేమ్‌ప్లేట్‌తో సరిచూస్తే, 5 ఆంపియర్ల దగ్గర 12 వోల్టులు రెసిస్టెన్స్ తినేస్తుంది. 180లో మిగిలేవి 168. దాన్ని 42తో భాగిస్తే సరిగ్గా 4000 ఆర్‌పీఎం. ఇదే అంకె నుంచి టార్క్ కూడా తెలుస్తుంది. ఆంపియర్‌కి 0.4 న్యూటన్ మీటర్లు, అంటే 5 ఆంపియర్లకి 2.

ఇండక్టెన్స్ సుమారు 8 మిల్లీహెన్రీలు. ఇది పీడబ్ల్యూఎం (వోల్టేజ్‌ని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటుని మార్చే పద్ధతి) ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడానికి కావాలి.

ఈ అంకెలు చేతిలో ఉంటే రాబోయే ప్రమాదాలు కాగితం మీదే కనిపిస్తాయి. ఆగి ఉన్న మోటరుకి 180 వోల్టులు నేరుగా ఇస్తే 75 ఆంపియర్లు లాగుతుంది. స్విచ్ పోయి 325 వోల్టులూ పడితే 135. అంత కరెంట్‌లో ట్రాన్సిస్టర్ సంగతి అటుంచి, ఆర్మేచర్ ఫీల్డ్ ఎదురు తిరిగి మాగ్నెట్లు బలం కోల్పోతాయి. ఫెరైట్ మాగ్నెట్లకి ఈ ప్రమాదం చలిలో ఎక్కువ, వేడిలో తక్కువ. రేర్ ఎర్త్ మాగ్నెట్లకి దీనికి రివర్స్. ఒకసారి మాగ్నెట్ బలహీనపడితే మోటరు అదే వోల్టేజ్‌కి ఇంకా వేగంగా తిరుగుతుంది, కానీ టార్క్ ఉండదు. సెకండ్ హ్యాండ్ మోటరు కొనేటప్పుడు ఈ 42 వోల్టుల కొలత చూసుకోవడం అందుకే మంచిది.

ఏ పద్ధతి

మొదటి దారి డిమ్మర్‌స్టాట్ (నాబ్‌తో ఏసీ వోల్టేజ్ మార్చే ట్రాన్స్‌ఫార్మర్), ఒక బ్రిడ్జ్ రెక్టిఫైయర్. ఇంతకంటే నిజాయితీ గల కంట్రోలర్ లేదు. పాడవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. కరెంట్ లిమిట్ లేదు, స్పీడ్ పట్టి ఉంచడం లేదు, బరువు ఎక్కువ. అప్పుడప్పుడు వాడే డ్రిల్ ప్రెస్‌కి నేను ఇప్పటికీ ఇదే చెబుతాను.

రెండో దారి ఎస్‌సీఆర్ ఫేజ్ కంట్రోల్, అంటే ఏసీ ప్రతి అర సైకిల్లో కొంత భాగాన్నే మోటరుకి వదలడం. ఫ్యాక్టరీ డీసీ డ్రైవులు చాలాకాలం ఇదే పద్ధతిలో వచ్చాయి. గట్టిది. కానీ మోటరుకి కరెంట్ సెకనుకి 100 దెబ్బలుగా అందుతుంది. టార్క్ సగటు కరెంట్‌ని బట్టి, వేడి ఆర్‌ఎంఎస్ కరెంట్‌ని (వర్గాల సగటుకి వర్గమూలం) బట్టి ఉంటాయి. ఆర్‌ఎంఎస్ సగటు కంటే 1.4 రెట్లు ఉంటే అదే టార్క్‌కి రాగి వేడి దాదాపు రెట్టింపు. సన్నటి ఫినిషింగ్ కట్‌లో ఆ 100 హెర్ట్జ్ అదురు జాబ్ మీద గీతలుగా కూడా కనిపించగలదు.

మూడోది పీడబ్ల్యూఎం. దీన్నే తీసుకున్నాను. ఫ్రీక్వెన్సీ 16 కిలోహెర్ట్జ్. 325 వోల్టుల బస్ (రెక్టిఫై అయిన డీసీ లైను), 8 మిల్లీహెన్రీల మోటరు, సగం డ్యూటీ (ప్రతి సైకిల్లో ఆన్‌లో ఉండే కాలం వాటా) దగ్గర లెక్కిస్తే కరెంట్ రిపుల్, అంటే ఎగుడుదిగుడు, 0.63 ఆంపియర్లు. 2 కిలోహెర్ట్జ్ పెడితే 5 ఆంపియర్లు అయ్యేది, అంటే మోటరు రేటింగ్ అంత రిపుల్. ఆర్డుయినో డిఫాల్ట్‌గా ఇచ్చే 490 హెర్ట్జ్ అయితే చెప్పనే అక్కర్లేదు. ప్రతి సైకిల్లో కరెంట్ సున్నాకి పడి లేస్తుంది, మోటరు గీ పెడుతుంది, బ్రష్‌లు నిప్పులు రాలుస్తాయి. చిన్న ప్రయోగాలకి ఇంటర్నెట్‌లో దొరికే కోడ్‌ని యథాతథంగా ఈ మోటరుకి తగిలించకూడదు అనేది ఇందుకే.

పవర్ భాగం

మెయిన్స్ నుంచి వరుసగా: ఎంసీబీ, కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పవర్ స్విచ్), ఈఎంఐ (రేడియో నాయిస్) ఫిల్టర్, మొదటి కరెంట్ దెబ్బని ఆపే 10 ఓమ్స్ ఎన్‌టీసీ, 25 ఆంపియర్ల బ్రిడ్జ్, 470 మైక్రోఫారడ్ 450 వోల్టుల కెపాసిటర్లు రెండు పారలల్‌గా. బస్ నిండాక ఒక రిలే ఎన్‌టీసీని దాటవేస్తుంది. కెపాసిటర్లలో నిలిచే శక్తి దాదాపు 50 జౌల్స్. అందుకని వాటి మీద శాశ్వతంగా 22 కిలోఓమ్స్, 10 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ (పవర్ తీశాక వాటిని ఖాళీ చేసేది). పవర్ తీశాక బస్ 50 వోల్టుల కిందికి రావడానికి 40 సెకన్ల దాకా పడుతుంది. పెట్టె మూత లోపల ఒక నియాన్ దీపం బస్ మీదే పెట్టాను. అది ఆరినా సరే, మీటర్ పెట్టి చూడకుండా చెయ్యి పెట్టకూడదు, ఎందుకంటే నియాన్ 50 వోల్టుల కంటే ముందే ఆరిపోతుంది.

స్విచ్ 600 వోల్టుల, 40 ఆంపియర్ల ఐజీబీటీ (గేట్ వోల్టేజ్‌తో ఆన్, ఆఫ్ అయ్యే పవర్ ట్రాన్సిస్టర్). మోటరు ఒక కొస బస్ పాజిటివ్‌కి, రెండోది ఐజీబీటీ కలెక్టర్‌కి. ఎమిటర్ నెగటివ్‌లో ఉంటుంది కాబట్టి గేట్ డ్రైవ్ సులువు. మోటరుకి అడ్డంగా ఫ్రీవీలింగ్ డయోడ్, ఐజీబీటీ ఆఫ్ అయినప్పుడు మోటరు కరెంట్‌కి దారి ఇచ్చేది. ఇక్కడ 1ఎన్4007 లాంటి మామూలు రెక్టిఫైయర్ డయోడ్ పనికిరాదు. ఐజీబీటీ ఆన్ అయినప్పుడు డయోడ్ మూసుకోవడానికి కొన్ని మైక్రోసెకన్లు తీసుకుంటే, ఆ కాసేపూ బస్‌కి ఐజీబీటీ ద్వారా షార్టే. సెకనుకి 16 వేల షార్టులు. అల్ట్రాఫాస్ట్ రకం, 60 నానోసెకన్ల లోపు రికవరీ ఉన్నది పెట్టాలి.

గేట్‌ని నడిపేది హెచ్‌సీపీఎల్-3120 ఆప్టో డ్రైవర్. కంట్రోల్ బోర్డుని మెయిన్స్ నుంచి వేరు చేసేది ఇదే. గేట్ సప్లై తగ్గితే అవుట్‌పుట్‌ని మూసేసే ఏర్పాటు దీనిలోనే ఉంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, గేట్‌కి 15 బదులు 8 వోల్టులు వస్తే ఐజీబీటీ సగం తెరుచుకుని నిమిషంలో కాలిపోతుంది.

మోటరు లోపల బ్రష్‌లకి అడ్డంగా ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కనిపించింది. రేడియో నాయిస్ కోసం పెట్టినది. పీడబ్ల్యూఎం మీద దాన్ని ఉంచకూడదు. ప్రతి సైకిల్లో ఐజీబీటీ దాన్ని 325 వోల్టులకి నింపాలి. ఆ నింపడంలో ఐజీబీటీలోనే పోయే శక్తి లెక్కిస్తే 84 వాట్లు. మోటరు నడపడానికి అయ్యే నష్టం మొత్తం కలిపి 10, 15 వాట్లు అయితే, కనిపించని ఈ కెపాసిటర్ ఒక్కటే దానికి ఎన్నో రెట్లు. హీట్‌సింక్ ఎందుకు కాలుతోందో అర్థం కాక పెద్ద హీట్‌సింక్ పెట్టుకునేవాళ్ళు ముందు మోటరు మూత విప్పి చూడాలి.

లేఅవుట్ గురించి ఒక్క మాట ఎక్కువే చెప్పాలి. ఐజీబీటీ ఆపిన కరెంట్ తీగల ఇండక్టెన్స్ వల్ల వోల్టేజ్ దెబ్బగా మారుతుంది. మొదట బస్‌ని బెంచ్ సప్లైతో 30 వోల్టుల మీద పెట్టి, 2 ఆంపియర్లు స్విచ్ చేస్తూ చూస్తే కలెక్టర్ మీద 48 వోల్టుల శిఖరం కనిపించింది. 18 వోల్టులే కదా అనుకోవచ్చు. కానీ ఈ అదనం బస్ వోల్టేజ్‌ని బట్టి రాదు, ఆపిన కరెంట్‌నీ ఆపే వేగాన్నీ బట్టి వస్తుంది. 2 ఆంపియర్లకి 18 అయితే, షార్ట్ ట్రిప్ (దీని సంగతి కింద వస్తుంది) అయ్యే 25 ఆంపియర్ల దగ్గర 200 దాటుతుంది. మెయిన్స్ 250 వోల్టులున్న రోజు బస్ 354. రెండూ కలిస్తే 600 రేటింగ్‌కి ఏమీ మిగలదు. పెద్ద ఎలక్ట్రొలైటిక్‌లు దూరంగా ఉన్నా ఫరవాలేదు. ఒక 1 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్‌ని డయోడ్ క్యాథోడ్‌కీ ఐజీబీటీ ఎమిటర్‌కీ అంటుకున్నట్టు సోల్డర్ చేసి, గేట్ రెసిస్టర్‌ని 10 నుంచి 22 ఓమ్స్‌కి పెంచితే ఆ 18 కాస్తా 6 అయ్యింది.

కరెంట్: రెండు వేర్వేరు ప్రమాదాలు

ఈ కేసులో అసలు విషయం ఇదే. ఓవర్‌కరెంట్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి.

ఒకటి, టూల్ ఇరుక్కుని మోటరు ఆగిపోవడం. ఇండక్టెన్స్ అడ్డం ఉంటుంది కాబట్టి ఇది నిదానం. 325 వోల్టులూ పూర్తిగా పడినా మైక్రోసెకన్‌కి 0.04 ఆంపియర్లే పెరుగుతుంది. 100 మైక్రోసెకన్లకి ఒకసారి కరెంట్ చదివే మైక్రోకంట్రోలర్ దీన్ని తేలిగ్గా పట్టుకుంటుంది.

రెండు, మోటరు తీగలు ఎక్కడో నలిగి షార్ట్ అవ్వడం. అప్పుడు అడ్డుపడే ఇండక్టెన్స్ ఉండదు. షార్ట్‌ని తట్టుకునే రకం ఐజీబీటీలకి కూడా సాధారణంగా ఉండే గడువు 10 మైక్రోసెకన్లు. సాఫ్ట్‌వేర్‌కి ఇక్కడ పని లేదు. ఎమిటర్‌లో 10 మిల్లీఓమ్స్ షంట్ (కరెంట్ కొలవడానికి పెట్టే చిన్న రెసిస్టర్), దాని మీద 0.25 వోల్టులు అంటే 25 ఆంపియర్లు రాగానే ఒక కంపారేటర్ (రెండు వోల్టేజీలని పోల్చే ఐసీ) లాచ్ అయి, చిన్న ట్రాన్సిస్టర్‌తో గేట్‌ని నేరుగా కిందికి లాగేస్తుంది. డ్రైవర్ ఇంకా 15 వోల్టులు ఇస్తున్నా గేట్ పడిపోవాలి కాబట్టి, 22 ఓమ్స్ ద్వారా వచ్చే 0.7 ఆంపియర్లని మింగగల ట్రాన్సిస్టర్ అయి ఉండాలి. పవర్ తీసి మళ్ళీ ఇస్తే తప్ప ఈ లాచ్ వదలదు.

ఇప్పుడు నిదానమైన దాని దగ్గరికి వద్దాం. మోటరు కరెంట్‌ని ఎక్కడ కొలవాలి? ఎమిటర్ షంట్ ఎలాగూ ఉంది కదా, సగటు అక్కడే తీద్దాం అనిపిస్తుంది. తక్కువ స్పీడ్‌లో అది పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. మోటరు ఆగిపోయి 8 ఆంపియర్లు లాగుతోందనుకోండి. దానికి కావాల్సిన వోల్టేజ్ 8 ఇంటూ 2.4, అంటే సుమారు 19. డ్యూటీ 6 శాతం. ఐజీబీటీలోంచి కరెంట్ 6 శాతం కాలమే పారుతుంది, మిగతా 94 శాతం డయోడ్ గుండా మోటరులోనే తిరుగుతుంది. షంట్ మీద సగటు అర ఆంపియర్. మెయిన్స్ వైపు క్లాంప్ మీటర్ పెట్టినా అంతే తక్కువ కనిపిస్తుంది. అందుకే మెయిన్స్ ఫ్యూజు, ఎంసీబీ తక్కువ స్పీడ్‌లో మోటరుని కాపాడలేవు. మోటరు లోపల 150 వాట్లు ఒకే చోట వేడెక్కుతుంటే ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

కాబట్టి సెన్సర్ మోటరు తీగలోనే ఉండాలి. ఏసీఎస్712 అనే కరెంట్ సెన్సర్ చిప్, 20 ఆంపియర్ల రకం పెట్టాను. ఆంపియర్‌కి 100 మిల్లీవోల్టులు ఇస్తుంది, అవుట్‌పుట్ హై వోల్టేజ్ నుంచి వేరుగా ఉంటుంది. రెండు తీగల్లోనూ అదే కరెంట్ పారుతుంది గానీ, కలెక్టర్ వైపు తీగ సెకనుకి 16 వేల సార్లు 325 వోల్టులు ఊగుతుంది. పాజిటివ్ వైపు తీగ నిశ్చలంగా ఉంటుంది. సెన్సర్ పాజిటివ్ వైపు, డయోడ్ కలిసే చోటు దాటాక పెడితే రీడింగ్ శుభ్రంగా వస్తుంది.

లిమిట్ 8 ఆంపియర్లు. 5 ఆంపియర్లు దాటితే గడియారం మొదలవుతుంది. షాఫ్ట్ ఆగిపోయి 8 ఆంపియర్లు 2 సెకన్లు దాటితే ట్రిప్. ఆగి ఉన్న మోటరులో వేడంతా బ్రష్‌ల కిందున్న రెండు మూడు కమ్యుటేటర్ సెగ్మెంట్ల దగ్గరే పోగవుతుంది, ఎక్కువసేపు ఇవ్వకూడదు.

తక్కువ స్పీడ్‌లో పట్టు

ఇక్కడ లెక్క చెప్పేదే నమ్మాలి. నాబ్‌ని 4000 ఆర్‌పీఎం దగ్గర పెట్టి వోల్టేజ్ మార్చకుండా ఉంచితే, లోడ్ 1 నుంచి 5 ఆంపియర్లకి పెరిగినప్పుడు రెసిస్టెన్స్ మీద అదనంగా 9.6 వోల్టులు పోతాయి. స్పీడ్ 3770కి దిగుతుంది. ఎవరికీ తెలియదు కూడా. ఇప్పుడు 400 ఆర్‌పీఎం దగ్గర పెట్టండి. టెర్మినల్ వోల్టేజ్ 19.2. అదే లోడ్, అవే 9.6 వోల్టులు పోతే మిగిలేది 170 ఆర్‌పీఎం. సగానికి పైగా పడిపోయింది. వోల్టేజ్ మాత్రమే మార్చే కంట్రోలర్ తక్కువ స్పీడ్‌లో నీరసంగా ఉందని అనేది ఈ పతనం గురించే. మోటరులో టార్క్ ఉంది, దాన్ని అడిగేవాడు లేడు.

చవకైన మందు ఐఆర్ కాంపెన్సేషన్. కరెంట్ పెరిగిన కొద్దీ ఆ కరెంట్ ఇంటూ రెసిస్టెన్స్ అంత వోల్టేజ్‌ని అదనంగా కలపడం. స్పీడ్ కొలిచే సెన్సర్, డిస్క్ ఏమీ అక్కర్లేదు. అయితే పూర్తిగా 2.4 ఓమ్స్‌కీ కాంపెన్సేట్ చేస్తే మోటరు ఊగిసలాడుతుంది, హంటింగ్ అంటామే అది. 80 శాతం దగ్గర ఆపాలి. చల్లగా ఉన్నప్పుడు సెట్ చేయడమే మేలు. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి వేడెక్కాక కాంపెన్సేషన్ తక్కువవుతుంది తప్ప ఎక్కువవదు. దీంతోనే 400 ఆర్‌పీఎం పతనం 230 నుంచి 50కి దగ్గరగా వచ్చింది. చాలామందికి ఇది చాలు.

నేను ఇంకో మెట్టు వెళ్ళి మోటరు షాఫ్ట్ మీద 60 చీలికల డిస్క్, ఆప్టో సెన్సర్ పెట్టాను. 60 చీలికలు ఎందుకంటే సెకనుకి వచ్చే పల్సుల సంఖ్యే నేరుగా ఆర్‌పీఎం అవుతుంది, మీటర్‌తో సరిచూడటం సుఖం. మైక్రోకంట్రోలర్ ఏటీమెగా328. 16 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని టైమర్1లో 1000తో భాగిస్తే కావాల్సిన 16 కిలోహెర్ట్జ్ సరిగ్గా వస్తుంది. ఒక్కో మెట్టు 0.325 వోల్టులు, అంటే 8 ఆర్‌పీఎం లోపే. కోరిన స్పీడ్‌కీ ఉన్న స్పీడ్‌కీ తేడా చూసి వోల్టేజ్ దిద్దే పీఐ లూప్ మామూలుదే, దాని గురించి రాయడానికి పెద్దగా లేదు. మెయిన్స్ 190 నుంచి 250 దాకా ఊగే చోట ఒక్క జాగ్రత్త కావాలి. బస్ వోల్టేజ్‌ని కూడా చదివి, కావాల్సిన వోల్టేజ్‌ని దానితో భాగించి డ్యూటీ తీయాలి. 180 వోల్టుల పరిమితి కూడా అలాగే నిలబడుతుంది.

డిస్క్ పెట్టడం వల్ల వచ్చిపడే కొత్త ప్రమాదాలు రెండు ఉన్నాయి. కరెంట్ లిమిట్‌లో ఉన్నంతసేపూ స్పీడ్ తక్కువగా ఉంటుంది కాబట్టి లూప్‌లో ఆ తేడాని కూడబెట్టే భాగం, ఇంటిగ్రేటర్, పేరుకుంటూ పోతుంది. ఇరుక్కున్న టూల్ వదలగానే చక్ ఒక్కసారిగా ఎగుస్తుంది. లిమిట్ తగిలినంతసేపూ ఇంటిగ్రేటర్‌ని స్తంభింపజేయాలి. రెండోది ఇంకా ఘోరం. చిప్ ముక్క ఆప్టోలో అడ్డం పడినా, తీగ తెగినా, లూప్‌కి స్పీడ్ సున్నా అని కనిపిస్తుంది. వెంటనే పూర్తి వోల్టేజ్ ఇచ్చేస్తుంది. దీనికి విరుగుడు మొదట్లో కొలిచిన ఆ 42 వోల్టులే. ఇస్తున్న వోల్టేజ్ లోంచి కరెంట్ ఇంటూ రెసిస్టెన్స్ తీసేస్తే మోటరు ఎంత స్పీడ్‌లో ఉండాలో లెక్క తెలుస్తుంది. డిస్క్ చెప్పేది ఆ లెక్కకి 25 శాతం కంటే దూరంగా ఉంటే పీడబ్ల్యూఎం ఆపేసి ఎర్ర దీపం. నడుస్తుండగా ఆప్టో కనెక్టర్ ఊడబీకి చూశాను. చక్ ఎగిరే లోపే ఆగింది.

ఆపడం

ఎమర్జెన్సీ స్టాప్ కాంటాక్టర్ కాయిల్‌ని కట్ చేస్తుంది. మైక్రోకంట్రోలర్ పిన్‌ని అడగదు. మిషన్ల ఎలక్ట్రికల్ భాగాలకి ఉన్న ఐఈసీ 60204-1 ప్రమాణం కూడా ఎమర్జెన్సీ స్టాప్ చివరికి పవర్ తీసేదిగానే ఉండాలంటుంది. కాంటాక్టర్ ఏసీ వైపే పెట్టాలి. ఏసీలో కరెంట్ సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, ఆర్క్ తానే ఆరుతుంది. డీసీలో అలా ఆరదు, ఏసీ రేటింగ్ ఉన్న కాంటాక్టులు డీసీ వైపు పెడితే అతుక్కుపోతాయి. కరెంట్ పోయి వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను తిరగకుండా కాంటాక్టర్ సెల్ఫ్ హోల్డింగ్‌లో ఉంటుంది, అంటే ఒకసారి పడిపోతే స్టార్ట్ బటన్ నొక్కితేనే మళ్ళీ పడుతుంది. దానికి తోడు నాబ్‌ని సున్నాకి తెస్తే తప్ప కంట్రోలర్ లేవదు.

పవర్ తీసినా చక్ బరువుకి కాసేపు తిరుగుతూనే ఉంటుంది. కాంటాక్టర్ సహాయక ఎన్‌సీ కాంటాక్ట్‌తో (కాంటాక్టర్ పడిపోయినప్పుడు మూసుకునేది) ఒక డీసీ రిలే ద్వారా ఆర్మేచర్‌కి అడ్డంగా 18 ఓమ్స్ బ్రేక్ రెసిస్టర్ పడేలా చేశాను. పూర్తి స్పీడ్‌లో మొదటి కరెంట్ 8 ఆంపియర్లు, లిమిట్‌తో సమానం. వరుస ముఖ్యం: కెపాసిటర్లు ఇంకా నిండే ఉంటాయి కాబట్టి ముందు గేట్ డ్రైవ్ ఆగాలి, తర్వాతే బ్రేక్ పడాలి. చక్ స్పిండిల్ మర మీదే తిప్పి బిగించే రకమైతే ఇంకో సంగతి. గట్టి బ్రేక్ వేస్తే స్పిండిల్ ఆగుతుంది, చక్ మర విప్పుకుని బయటికి వస్తుంది. ఈ మిషన్‌కి ఫ్లాంజ్ చక్ ఉంది. మర చక్ అయితే బ్రేక్ రెసిస్టర్‌ని 50, 60 ఓమ్స్‌కి పెంచి మెల్లగా ఆపడమో, అసలు బ్రేక్ లేకుండా వదిలేయడమో చేయాలి.

మెయిన్స్ మీద

మొదటిసారి మోటరు లేకుండా, సీరీస్ ల్యాంప్ ద్వారా. తర్వాత మోటరు స్థానంలో 230 వోల్టుల 100 వాట్ల ఫిలమెంట్ బల్బ్ పెట్టి, డ్యూటీని 40 శాతం దాటకుండా చూశాను. ఆ తర్వాతే మోటరు, అదీ బెల్ట్ లేకుండా. ప్రతి దశలోనూ ట్రిప్‌లు పని చేస్తున్నాయో లేదో చూడటం స్పీడ్ చూడటం కంటే ముందు.

బెల్ట్ వేశాక వచ్చిన రీడింగులు: మోటరు 600 ఆర్‌పీఎం దగ్గర 1 నుంచి 5 ఆంపియర్ల లోడ్ మారినప్పుడు స్థిరపడ్డాక తేడా 2 శాతం లోపు. టూల్ దిగిన క్షణంలో ఒక చిన్న కుంగు ఉంటుంది, చెవికి తెలుస్తుంది, ఫినిష్‌లో కనిపించదు. ఐజీబీటీ హీట్‌సింక్ గంటసేపు నడిపినా చేత్తో ముట్టుకోగల వేడిలోనే ఉంది. హీట్‌సింక్‌ని ఐజీబీటీ నుంచి మైకాతో వేరు చేసి ఎర్త్‌కి కలిపాను కాబట్టే ముట్టుకున్నాను.

వేడి సమస్య అంతా మోటరు వైపు తేలింది. షాఫ్ట్ మీదున్న ఫ్యాన్ 600 ఆర్‌పీఎంకి గాలి తోలదు, కరెంట్ మాత్రం పూర్తిగా 5 ఆంపియర్లు. విడిగా ఒక ఫ్యాన్ పెట్టాలి. ట్రెడ్‌మిల్ మోటర్లు తెరిచిన బాడీతో వస్తాయి, కాస్ట్ ఐరన్ పొడి లోపలికి పోతే కమ్యుటేటర్‌ని నాశనం చేస్తుంది. అందుకే ఆ ఫ్యాన్ గాలి చక్‌కి అవతలి వైపు నుంచి, ఫిల్టర్ గుడ్డ గుండా లోపలికి వస్తుంది.

స్టెప్ పుల్లీలు తీసేయలేదు, రెండు మెట్లు ఉంచాను: 2.5కి 1, 6కి 1. కంట్రోలర్ గేరు పని చేయదు. 80 మి.మీ. మైల్డ్ స్టీల్ జాబ్‌కి హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 25 మీటర్లు కావాలంటే స్పిండిల్ 100 ఆర్‌పీఎం. 2.5 మెట్టు మీద స్పిండిల్‌కి 5 న్యూటన్ మీటర్లు, జాబ్ అంచు దగ్గర 125 న్యూటన్లు. 1 మి.మీ. లోతు, 0.1 మి.మీ. ఫీడ్ కట్‌కి సుమారు 200 న్యూటన్లు కావాలి. ఎంత మంచి ఎలక్ట్రానిక్స్ పెట్టినా అక్కడ మోటరు ఆగుతుంది. 6 మెట్టు మీద అదే అంచు దగ్గర 300 వస్తాయి, కట్ సాఫీగా నడుస్తుంది. 10 మి.మీ. రాడ్‌కి కావాల్సిన 800 ఆర్‌పీఎం 2.5 మెట్టు మీద మోటరు సగం స్పీడ్‌లోనే దొరుకుతుంది. రోజులో ఎక్కువ పని ఆ మెట్టు మీదే, నాబ్‌తోనే జరిగిపోతుంది. బెల్ట్ మార్చేది పెద్ద డయాకీ, పార్టింగ్‌కీ (జాబ్‌ని కోసి వేరు చేయడానికీ).

రివర్స్ పెట్టలేదు. ఈ మోటరు ఫ్లైవీల్ షాఫ్ట్ మర మీద తిప్పి బిగించింది, జారకుండా పట్టే కీ లేదు. రివర్స్‌లో లోడ్ పడితే విప్పుకునే అవకాశం ఉంది. ఫ్లైవీల్‌ని కీతో గానీ పిన్‌తో గానీ బిగించాక, షాఫ్ట్ పూర్తిగా ఆగినట్టు డిస్క్ చెబితేనే ఒప్పుకునే రివర్సింగ్ కాంటాక్టర్ జత చేస్తాను. కోడ్‌లో దానికి చోటు వదిలి ఉంది.